సంపన్నుల ఆదాయపు పన్ను: వాదన రేటు మీద, చిక్కు లెక్కలో

సంక్షిప్తంగా: సంపన్నులు ఎంత ఆదాయపు పన్ను కట్టాలన్న చర్చ ఎక్కువగా గరిష్ఠ రేటు చుట్టూ తిరుగుతుంది. కానీ అత్యంత సంపన్నుల రాబడిలో పెద్ద భాగం జీతంగా రాదు. అది పెరిగిన షేర్ల విలువగానో, కంపెనీలోనే నిలిచిపోయిన లాభంగానో ఉంటుంది. దేన్ని ఆదాయంగా లెక్కించాలి, ఎప్పుడు లెక్కించాలి అన్న నిబంధనలను ముట్టుకోకుండా రేటు ఒక్కటే పెంచితే ఆ భారం ముందుగా పెద్ద జీతగాళ్ల మీద పడుతుంది. రేటు తగ్గించినంత మాత్రాన కూడా ఆ తేడా పోదు.

రెండు లెక్కలూ సరైనవే

ఈ వివాదంలో రెండు పక్షాల దగ్గరా నమ్మదగిన అంకెలే ఉండటం పాఠకులను గందరగోళపరుస్తుంది. అమెరికాలో ఆదాయపరంగా పైనున్న ఒక శాతం మంది, కేంద్ర ప్రభుత్వానికి అందే వ్యక్తిగత ఆదాయపు పన్నులో దాదాపు 40 శాతం చెల్లిస్తున్నారని ఒక పక్షం చూపిస్తుంది. రిటర్నుల్లో నమోదైన మొత్తం ఆదాయంలో వారి వాటా ఐదో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే కాబట్టి, ఆదాయంలో ఉన్న వాటాకు రెట్టింపు దాకా పన్నులో భరిస్తున్నారన్నది ఆ పక్షం వాదన. రెండో పక్షం ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2021లో బయటపెట్టిన లెక్కను ముందుకు తెస్తుంది. 2014 నుంచి 2018 వరకు అమెరికాలోని 25 మంది అత్యంత సంపన్నుల సంపద 40,100 కోట్ల డాలర్లు పెరిగింది. అదే ఐదేళ్లలో వారు కట్టిన కేంద్ర ఆదాయపు పన్ను 1,360 కోట్ల డాలర్లు, అంటే పెరిగిన సంపదలో 3.4 శాతం.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకునేవి కావు. మొదటి లెక్కలో ఉన్నది సుమారు 15 లక్షల రిటర్నులు. వాటిలో శస్త్రవైద్యులు, న్యాయవాదులు, కంపెనీల ఉన్నతాధికారులు, మధ్యతరహా వ్యాపారులు ఎక్కువ. వీరి ఆదాయం ఏటా చేతికి వస్తుంది, ఏటా రిటర్నులో కనిపిస్తుంది. రెండో లెక్కలో ఉన్నది 25 మంది. వారి సంపద పెరుగుదలలో అధిక భాగం రిటర్నులోకే రాదు. పైగా మొదటి లెక్క ఆదాయంతో పోల్చింది, రెండోది సంపద పెరుగుదలతో పోల్చింది. భాగించే సంఖ్య మారితే జవాబు మారడం సహజం. "సంపన్నులు" అన్న ఒక్క మాట కింద ఈ రెండు గుంపులనూ కలిపి మాట్లాడటంతోనే చర్చ సగం దారి తప్పుతోంది.

ఈ తేడా ఆర్థికవేత్తల మధ్య కూడా తీరలేదు. 1960ల నుంచి అమెరికాలో పై ఒక శాతం వాటా బాగా పెరిగిందని థామస్ పికెటీ, ఇమ్మాన్యుయేల్ సాయెజ్, గాబ్రియేల్ జూక్‌మన్‌ల లెక్కలు చెబుతాయి. పన్నులు పోను, ప్రభుత్వ సాయం కలిపి చూస్తే ఆ వాటా పెద్దగా మారలేదని గెరాల్డ్ ఆటెన్, డేవిడ్ స్ప్లింటర్‌ల లెక్క చెబుతుంది. రెండు బృందాలూ వాడిన పన్ను రికార్డులు దాదాపు ఒకటే. రిటర్నులో కనిపించని ఆదాయాన్ని ఎవరి ఖాతాలో ఎంత వేయాలన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

గరిష్ఠ రేటు ఎవరికి, ఎంత మేరకు

స్లాబుల పద్ధతి గురించి ఒక అపోహను ముందే తొలగించుకోవాలి. గరిష్ఠ రేటు 30 శాతం అంటే ఆదాయం మొత్తం మీద 30 శాతం కాదు, ఆ స్లాబులోకి వచ్చిన భాగం మీద మాత్రమే. అందువల్ల ఒక స్లాబు దాటినంత మాత్రాన చేతికి వచ్చే మొత్తం తగ్గదు. పన్ను మీద అదనంగా వేసే సర్‌చార్జి మాత్రం అలా కాదు. అది ఒక హద్దు దాటగానే పన్ను మొత్తం మీద పడుతుంది కాబట్టే, హద్దు దగ్గర ఉన్నవారి కోసం చట్టంలో ప్రత్యేక ఉపశమనం పెట్టాల్సి వచ్చింది. ఇక వస్తు, సేవల మీద పన్నులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే రేటున పడతాయి కాబట్టి, ఆదాయపు పన్నును ఒంటరిగా చూసి మొత్తం పన్ను వ్యవస్థ మీద తీర్పు చెప్పడం కుదరదు.

97.75 శాతం రోజులు

గరిష్ఠ రేటు పెంచడం అన్నది కొత్త ఆలోచన కాదు. భారతదేశంలో 1970ల మొదట్లో 2 లక్షల రూపాయలు దాటిన ఆదాయం మీద 85 శాతం పన్ను, దాని మీద 15 శాతం సర్‌చార్జి కలిపి 97.75 శాతం ఉండేది. ఆ స్లాబులో వంద రూపాయలు చూపించి పన్ను కడితే మిగిలేది రెండు రూపాయల పావలా, దాస్తే మిగిలేది వంద. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ అధ్యక్షతన ఏర్పడిన ప్రత్యక్ష పన్నుల విచారణ సంఘం, పన్ను ఎగవేతకు కారణాల్లో అధిక రేట్లనే ముందు పెట్టి, సర్‌చార్జితో కలిపి 75 శాతానికి తగ్గించమని 1971 చివరలో సిఫారసు చేసింది. ఆ తర్వాత రేటు దశలవారీగా దిగింది. 1974-75లో 77 శాతం, 1976-77లో 66 శాతం, 1985లో వి.పి. సింగ్ బడ్జెట్‌తో 50 శాతం, 1997లో చిదంబరం బడ్జెట్‌తో 30 శాతం. నిజానికి 97.75 శాతం రేటున పన్ను కట్టినవారి కంటే ఆ రేటును ఉదాహరణగా చూపిన ఉపన్యాసాలే ఎక్కువై ఉంటాయి.

అమెరికాలో 1944లో గరిష్ఠ రేటు 94 శాతం, 1950ల్లో ఎక్కువ కాలం 91 శాతం. బ్రిటన్‌లో 1970ల చివర సంపాదన మీద 83 శాతం, పెట్టుబడుల ఆదాయం మీద అదనంగా 15 శాతం కలిపి 98 శాతం. ఈ అంకెలను చూపి అప్పట్లో సంపన్నులు తమ రాబడిలో తొంభై శాతం కట్టారని అనుకుంటే పొరపాటు. అమెరికాలో జీతం మీద 91 శాతం ఉన్న రోజుల్లోనే దీర్ఘకాలిక మూలధన లాభాల (కొంతకాలం ఉంచుకున్న ఆస్తిని అమ్మితే వచ్చే లాభాల) మీద గరిష్ఠ పన్ను 25 శాతం. బ్రిటన్‌లో 98 శాతం ఉన్న రోజుల్లో మూలధన లాభాల మీద 30 శాతం. ముందు వాకిలికి ఎంత పెద్ద తాళం వేసినా పెరటి తలుపు తెరిచే ఉంచారు. సలహాదారును పెట్టుకోగలిగినవారు ఆదాయాన్ని లాభంగా మార్చుకున్నారు, మార్చుకోలేనివారు పూర్తి రేటు కట్టారు.

ఇందుకు భిన్నమైన ప్రయోగం 1986లో అమెరికాలోనే జరిగింది. గరిష్ఠ రేటును 50 శాతం నుంచి 28 శాతానికి దించుతూ, మూలధన లాభాలకూ అదే 28 శాతం పెట్టి, పన్ను తప్పించుకునే పథకాల్లో చాలావాటిని మూసేశారు. రేటు తగ్గింది, లెక్కలోకి వచ్చే ఆదాయం విస్తరించింది. ఆ సమానత్వం ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు అక్కడ జీతం మీద గరిష్ఠ రేటు 37 శాతం కాగా, దీర్ఘకాలిక మూలధన లాభాల మీద అన్నీ కలిపి 23.8 శాతం.

1956 నాటి ఒక సలహా

రేటు తగ్గించి లెక్కను విస్తరించాలన్న సూచన భారత ప్రభుత్వానికి అంతకు ముప్పై ఏళ్ల ముందే అందింది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలాస్ కాల్డర్ 1956లో ఇచ్చిన నివేదికలో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి పరిమితం చేయమన్నారు. దానికి బదులుగా మూలధన లాభాలు, నికర సంపద, బహుమతులు, వ్యక్తిగత వ్యయం మీద పన్నులు వేసి, అన్నింటినీ ఒకే సమగ్ర రిటర్నులో చూపించాలన్నారు. ఒక పన్ను కోసం దాచినది మరో పన్ను లెక్కలో బయటపడుతుందన్నది అందులోని ఆంతర్యం. షేర్లు కొంటే సంపదలో కనిపిస్తుంది, అమ్మితే లాభంలో కనిపిస్తుంది, ఇచ్చేస్తే బహుమతిలో, ఖర్చు పెడితే వ్యయంలో కనిపిస్తుంది.

ప్రభుత్వం కొత్త పన్నులను తీసుకుంది, రేటు తగ్గింపును వదిలేసింది. ఆ పన్నుల్లో చాలావరకు కూడా మినహాయింపులతో పలుచబడి ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. వ్యయ పన్ను 1966లో, అంతకుముందు 1953 నుంచే ఉన్న ఎస్టేట్ సుంకం (మరణించినవారి ఆస్తి మీద పన్ను) 1985లో, బహుమతి పన్ను 1998లో పోయాయి. సంపద పన్నును 2015 బడ్జెట్ తొలగించింది. కాల్డర్ పథకం విఫలమైందని తరచూ అంటారు కానీ, ఆయన చెప్పిన రూపంలో అది ఒక్క ఏడాది కూడా అమలు కాలేదు.

ఒకే పది కోట్లు, మూడు రకాల పన్ను

ప్రస్తుత భారత చట్టంలో ఈ తేడా ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూపుతుంది. ముగ్గురు వ్యక్తులు ఒకే ఆర్థిక సంవత్సరంలో పది కోట్ల రూపాయల చొప్పున లాభపడ్డారనుకోవాలి. 2025 బడ్జెట్ ప్రకటించిన కొత్త విధానం స్లాబుల ప్రకారం, ఆ మొత్తం జీతంగా పొందిన వ్యక్తికి 24 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీద 30 శాతం, ఆ పన్ను మీద 25 శాతం సర్‌చార్జి, మొత్తం మీద 4 శాతం సెస్సు పడతాయి. చివరి రూపాయి మీద భారం 39 శాతం, కట్టవలసిన పన్ను సుమారు 3 కోట్ల 84 లక్షలు. ఏడాదికి పైగా చేతిలో ఉన్న లిస్టెడ్ షేర్లను (స్టాక్ మార్కెట్‌లో నమోదైనవాటిని) అమ్మి పది కోట్ల లాభం పొందిన రెండో వ్యక్తికి 2024 జులై 23 నుంచి వర్తిస్తున్న రేటు 12.5 శాతం. ఇక్కడ సర్‌చార్జి 15 శాతాన్ని మించకూడదు కాబట్టి మొత్తం భారం 14.95 శాతం, పన్ను కోటిన్నరకు కొంచెం లోపు. మూడో వ్యక్తి దగ్గరున్న షేర్ల విలువ పది కోట్లు పెరిగింది, కానీ ఒక్కటీ అమ్మలేదు. ఆయన కట్టవలసింది సున్నా.

దీనికి సమర్థన లేకపోలేదు. షేరు లాభం వెనక కంపెనీ ముందే కట్టిన కార్పొరేట్ పన్ను ఉంటుంది. లాభంలో కొంత భాగం ధరల పెరుగుదలే తప్ప నిజమైన రాబడి కాదు. పెట్టుబడి పెట్టినవారు నష్టభయాన్ని మోస్తారు. ఈ కారణాలన్నీ కొంత తక్కువ రేటును సమర్థిస్తాయి. కానీ 39కీ 14.95కీ మధ్య దూరం ఆ కారణాలను కొలిచి నిర్ణయించినది కాదు. 2004 నుంచి 2018 వరకు లిస్టెడ్ షేర్ల దీర్ఘకాలిక లాభాల మీద పన్నే లేదు. తర్వాత 10 శాతం పెట్టారు, ఆపై 12.5 శాతం చేశారు. మార్కెట్ ఎంత మేరకు సహిస్తుందన్న అంచనాయే ఈ రేట్లను నడిపించింది.

కంపెనీ గోడ మరో మెట్టు. 2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకునే దేశీయ కంపెనీలకు రేటును 22 శాతానికి తగ్గించారు. సర్‌చార్జి, సెస్సులతో అది 25.17 శాతం. లాభాన్ని డివిడెండుగా పంచితే వాటాదారు తన స్లాబు ప్రకారం మళ్లీ పన్ను కట్టాలి, పంచకుండా కంపెనీలోనే ఉంచితే ఆ రెండో పన్ను వాయిదా పడుతుంది. వ్యక్తిగత గరిష్ఠ రేటును పెంచిన ప్రతిసారీ, కంపెనీ రేటు అలాగే ఉంటే, లాభాన్ని కంపెనీ గోడ లోపలే ఉంచుకోవాలన్న ఆకర్షణ అంతే పెరుగుతుంది. జీతం తీసుకునే ఉద్యోగికి ఇలాంటి వెసులుబాటు లేదు. డబ్బు చేతికి రాకముందే పన్ను మూలంలో కోత పడుతుంది.

అమ్మకపోతే ఆదాయం లేనట్టే

విలువ పెరుగుదలను అమ్మిన రోజునే ఆదాయంగా చూడాలన్న నియమం దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంది. దాని వెనక సహేతుకమైన ఇబ్బందులే ఉన్నాయి. లిస్టు కాని కంపెనీ వాటాకు, భూమికి, కళాఖండానికి ఏటా విలువ కట్టడం కష్టం. చేతిలో నగదు లేకుండా పన్ను కట్టాలంటే ఆస్తిని అమ్ముకోవాలి. ఈ ఏడాది పెరిగిన విలువ వచ్చే ఏడాది పడిపోతే కట్టిన పన్ను వెనక్కి ఇవ్వాలా అన్న ప్రశ్న మిగులుతుంది.

కానీ ఈ నియమం వల్ల పన్ను ఎప్పుడు కట్టాలన్నది ఆస్తిపరుడే నిర్ణయించుకోగలుగుతాడు. ఖర్చులకు డబ్బు కావాలంటే షేర్లు అమ్మనవసరం లేదు, వాటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. అప్పు ఆదాయం కాదు కాబట్టి దాని మీద పన్ను లేదు. షేర్ల విలువ వడ్డీ రేటు కంటే వేగంగా పెరిగినంత కాలం అమ్మడం కన్నా అప్పే చవక. వారెన్ బఫెట్ 2011లో తన సొంత లెక్క చెబుతూ, పన్ను విధించదగిన ఆదాయంలో తాను 17.4 శాతమే కట్టానని, తన కార్యాలయంలోని మిగతా 20 మందీ తనకంటే ఎక్కువ శాతం కట్టారని వెల్లడించారు. ఆ 17.4 శాతం కూడా రిటర్నులో చూపించిన ఆదాయం మీద లెక్క. ఆయన సంస్థ షేర్ల విలువలో వచ్చిన పెరుగుదల ఆ భాగహారంలోకి రానే లేదు.

వాయిదా వేసిన పన్ను ఎప్పటికైనా కట్టక తప్పదా అన్నది మరణం దగ్గర తేలుతుంది. ఇక్కడ మూడు దేశాలు మూడు దారులు పట్టాయి. అమెరికాలో వారసుడికి ఆస్తి మరణ దినాన ఉన్న మార్కెట్ విలువకే సంక్రమించినట్టు లెక్క. ఒక డాలరుకు కొన్న షేరు చనిపోయేనాటికి వంద డాలర్లయితే, వారసుడు మరుసటి రోజు వందకు అమ్మినా లాభం సున్నా. మధ్యలో పెరిగిన 99 డాలర్ల మీద ఆదాయపు పన్ను ఇక ఎప్పటికీ పడదు. పెద్ద ఆస్తులకు ఎస్టేట్ పన్ను ఉన్నా, దానికి మినహాయింపు హద్దు చాలా ఎత్తున ఉంది. కెనడాలో ఇందుకు పూర్తి విరుద్ధం. 1972 నుంచి అక్కడ మరణించిన వ్యక్తి తన ఆస్తులన్నీ చివరి క్షణంలో అమ్మినట్టుగా భావించి, ఆ లాభం మీద చివరి రిటర్నులో పన్ను వేస్తారు. జీవిత భాగస్వామికి చేరే ఆస్తికి వాయిదా ఉంటుంది. భారత్ మధ్యేమార్గంలో ఉంది. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు. అయితే కొన్న ధర కూడా వారసుడికి సంక్రమిస్తుంది, ఎప్పుడు అమ్మినా సాధారణంగా తాత కొన్న ధర నుంచే లాభం లెక్కించాలి. పన్ను చెరిగిపోదు, కానీ అమ్మనంత కాలం తరం నుంచి తరానికి జరుగుతూ పోతుంది. వ్యాపార కుటుంబాలు ప్రధాన కంపెనీ వాటాలను సాధారణంగా అమ్మవు కాబట్టి, ఆచరణలో అమెరికాకూ భారత్‌కూ మధ్య ఈ తేడా అంత పెద్దది కాదు.

గరిష్ఠ రేటు పెంచాలా వద్దా అన్న చర్చలు ఈ ఒక్క నిబంధనను తాకకుండా సాగడం ఆశ్చర్యమే. అత్యంత సంపన్నుల విషయంలో రేటును రెండు మూడు శాతం అటూ ఇటూ కదపడం కన్నా మరణం దగ్గర లెక్క మార్చడం వల్ల తేడా ఎక్కువ.

ఏ రేటు దగ్గర రాబడి గరిష్ఠం

రేటు ఒక హద్దు దాటితే ఖజానాకు రాబడి తగ్గుతుందన్న మాటలో తప్పు లేదు. ఆ హద్దు ఎక్కడుందన్నదే వివాదం. పీటర్ డైమండ్, ఇమ్మాన్యుయేల్ సాయెజ్ 2011లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఒక లెక్క ఇచ్చింది. అందులో రెండు అంకెలు చాలు. ఒకటి, పై స్థాయిలో ఆదాయాలు ఎంత చిక్కగా పోగుపడి ఉన్నాయన్నది. అమెరికాకు ఇది సుమారు 1.5. రెండోది, పన్ను పోను మిగిలేది ఒక శాతం తగ్గితే చూపించే ఆదాయం ఎంత శాతం తగ్గుతుందన్నది. ఈ స్పందన 0.25 అనుకుంటే, రాబడిని గరిష్ఠం చేసే రేటు 73 శాతం. 0.5 అనుకుంటే అదే సూత్రం 57 శాతం ఇస్తుంది. 1 అనుకుంటే 40 శాతమే. ఇది ఆదాయపు పన్ను ఒక్కటే కాదు, ఆ చివరి డాలరు మీద పడే అన్ని పన్నుల మొత్తం.

అంటే వాదనంతా ఆ రెండో అంకె మీదే ఆధారపడి ఉంది. అది మనిషి స్వభావంలో స్థిరంగా ఉండే గుణం కాదు. స్పందన రెండు రకాలు. పని తగ్గించుకోవడం, వ్యాపారం విస్తరించకపోవడం నిజమైన స్పందన. జీతాన్ని లాభంగా మార్చడం, ఆదాయాన్ని మరో ఏడాదికి జరపడం, కంపెనీలో ఉంచడం, కుటుంబ సభ్యుల పేర పంచడం కాగితపు స్పందన. పెద్ద ఆదాయాల విషయంలో రెండో రకమే ఎక్కువగా కనిపిస్తుంది, అది చట్టంలోని సందుల మీద ఆధారపడుతుంది. సందులు మూస్తే స్పందన తగ్గుతుంది, దాంతో ప్రభుత్వం భరించగలిగే రేటు పెరుగుతుంది. సందులు అలాగే ఉంచి రేటు పెంచితే లెక్క తలకిందులవుతుంది. "అధిక రేటు పనిచేయదు" అన్న నిర్ధారణ చాలా సందర్భాల్లో ఆ రేటు గురించి కాక, దాని చుట్టూ ఉన్న చట్టం గురించి చెబుతోంది.

బ్రిటన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2010 ఏప్రిల్ నుంచి లక్షన్నర పౌండ్లు దాటిన ఆదాయం మీద 50 శాతం రేటు వస్తుందని ఏడాది ముందే ప్రకటించారు. దాంతో సొంత కంపెనీలున్నవారు డివిడెండ్లను ముందే తీసేసుకున్నారు. ఇలా ముందుకు జరిగిన ఆదాయం 1,600 నుంచి 1,800 కోట్ల పౌండ్లు ఉంటుందని బ్రిటన్ పన్నుల శాఖ 2012లో లెక్కగట్టింది. సహజంగానే తర్వాతి ఏడాది చూపించిన ఆదాయం పడిపోయింది. 2013లో రేటును 45 శాతానికి తగ్గించారు. మూడేళ్లే అమలైన రేటు మీద, జనం ముందే సర్దుకున్న తొలి ఏడాది అంకెలతో తీర్పు చెప్పడం ఎంతవరకు సరైనదన్న సందేహం ఇప్పటికీ ఉంది.

సంపన్నులు దేశం విడిచి వెళ్లిపోతారా

వెళ్తారు, కానీ అందరూ ఒకేలా కాదు. వృత్తి ఎక్కడైనా చేసుకోగలిగి, స్థానిక సంబంధాలు తక్కువగా ఉన్నవారు తేలిగ్గా కదులుతారు. యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులు విదేశీ ఆటగాళ్లను స్వేచ్ఛగా తీసుకునేందుకు 1995లో కోర్టు తీర్పు దారి తెరిచాక, తక్కువ పన్నున్న దేశాల వైపు మేటి ఆటగాళ్లు మొగ్గారని పరిశోధకులు చూపించారు. డెన్మార్క్ 1991లో అధిక జీతాల విదేశీ నిపుణులకు తాత్కాలికంగా తక్కువ రేటు ఇస్తే వారి సంఖ్య బాగా పెరిగింది. మరోవైపు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 2023 నుంచి అదనంగా 4 శాతం వేస్తే, రాబడి తొలి అంచనాలను బాగా మించింది. వ్యాపారం, ఖాతాదారులు, పిల్లల చదువు ఒకచోట స్థిరపడినవారు అంత త్వరగా కదలరు.

వలసను చట్టం కూడా నిర్ణయిస్తుంది. అమెరికా తన పౌరుల మీద వారు ఏ దేశంలో ఉన్నా పన్ను వేస్తుంది, పౌరసత్వం వదులుకునే సంపన్నుల మీద నిష్క్రమణ పన్ను వేస్తుంది. నార్వే 2022లో సంపద పన్ను పెంచాక కొందరు పేరున్న వ్యాపారవేత్తలు స్విట్జర్లాండ్‌కు మారారు. ఆ తర్వాత నార్వే నిష్క్రమణ పన్ను నిబంధనలను బిగించింది. విదేశీ బ్యాంకు ఖాతాల సమాచారాన్ని దేశాలు 2017 నుంచి పరస్పరం ఇచ్చుకుంటున్నందున, మనిషి ఇక్కడే ఉండి డబ్బును మాత్రం దాచడం మునుపటి కంటే కష్టమైంది. మనిషే మారిపోతే ఆ సమాచారం పెద్దగా ఉపయోగపడదు.

సంపద మీదే పన్ను వేస్తే

ఆదాయంగా చూపించకుండా తప్పించుకోగలిగితే నేరుగా సంపద మీదే పన్ను వేయాలన్నది మరో ప్రతిపాదన. ఎక్కువగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలో 1990లో 12 దేశాలకు నికర సంపద పన్ను ఉండేది, 2017 నాటికి నాలుగే మిగిలాయి. వాటిలో ఫ్రాన్స్ 2018లో దాన్ని స్థిరాస్తులకే పరిమితం చేసింది. భారత్‌లో 2013-14లో సంపద పన్ను రాబడి 1,008 కోట్ల రూపాయలు మాత్రమే. షేర్లను, ఉత్పాదక ఆస్తులను మినహాయించి ఇళ్లు, కార్లు, నగల వంటివాటి మీద వేసిన పన్నుకు అంతకుమించి రాకపోవడం వింతేమీ కాదు. సంపదలో సింహభాగం ఉన్నచోటే మినహాయింపు ఉంది.

గాబ్రియేల్ జూక్‌మన్ 2024లో జి20 కోసం ఇచ్చిన నివేదిక ఈ లోపాన్ని సరిచేయాలని చూసింది. ప్రపంచంలోని సుమారు 3,000 మంది శతకోటీశ్వరులు తమ సంపదలో ఏటా కనీసం 2 శాతం పన్నుగా కట్టాలి, కట్టిన ఆదాయపు పన్ను అందులో మినహాయించుకోవచ్చు. దాని వల్ల 20,000 నుంచి 25,000 కోట్ల డాలర్లు వస్తాయని ఆయన అంచనా. ఇది ఆదాయపు పన్నుకు బదులు కాదు, దానికి అడుగున కట్టే గచ్చు. ఇదే ఆలోచనను ఫ్రాన్స్‌లో 10 కోట్ల యూరోలు దాటిన ఆస్తుల మీద ప్రతిపాదిస్తే 2025 ఫిబ్రవరిలో దిగువ సభ ఆమోదించింది, జూన్‌లో సెనేట్ తిరస్కరించింది. 5 కోట్ల ఫ్రాంకులు దాటిన వారసత్వం మీద 50 శాతం పన్ను వేయాలన్న ప్రతిపాదనను స్విట్జర్లాండ్ ఓటర్లు 2025 నవంబరులో 78 శాతం మెజారిటీతో తోసిపుచ్చారు. లిస్టు కాని కంపెనీల విలువ కట్టడం, ఇంకా లాభాలు లేని సంస్థల వ్యవస్థాపకులు నగదు ఎక్కడినుంచి తేవాలన్నది ఈ ప్రతిపాదనలన్నిటికీ ఎదురైన గట్టి అభ్యంతరాలు. పన్నును నగదుకు బదులు షేర్ల రూపంలో తీసుకోవడం ఒక పరిష్కారం. అలా చేస్తే ప్రభుత్వమే వాటాదారవుతుంది, దాని చిక్కులు దానికున్నాయి.

సర్‌చార్జి దారి

సంపద పన్ను పోయాక భారత్ ఎంచుకున్న సాధనం సర్‌చార్జి. 2015లో కోటి దాటిన ఆదాయం మీద అదనంగా 2 శాతంతో మొదలై, 2019లో 5 కోట్లు దాటిన ఆదాయానికి సర్‌చార్జి 37 శాతానికి చేరి, గరిష్ఠ భారం 42.74 శాతమైంది. విదేశీ మదుపరుల నుంచి వ్యతిరేకత రావడంతో మార్కెట్‌లో షేర్ల అమ్మకం లాభాలను కొన్ని వారాల్లోనే ఆ పెంపు నుంచి తప్పించారు. జీతం మీద మాత్రం అది కొనసాగింది. 2023లో కొత్త విధానం ఎంచుకున్నవారికి సర్‌చార్జిని 25 శాతానికి పరిమితం చేయడంతో 42.74 శాతం 39 శాతానికి దిగింది, పాత విధానంలో 37 శాతం అలాగే ఉంది.

సర్‌చార్జిలో రాష్ట్రాలకు వాటా లేదు. రాజ్యాంగంలోని 270, 271 అధికరణల ప్రకారం అది పూర్తిగా కేంద్రానికే చెందుతుంది. అదే మొత్తాన్ని మూల రేటు పెంచి రాబడితే రాష్ట్రాలతో పంచుకోవాలి. అందువల్ల సంపన్నుల మీద పన్ను పెంచే పద్ధతి ఏదన్నది కేంద్ర రాష్ట్ర సంబంధాల ప్రశ్న కూడా. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే కావడంతో, పెద్ద మొత్తాల వ్యవసాయ ఆదాయం కూడా కేంద్ర పన్నుకు అందదు. వేరే రాబడిని ఆ పద్దు కింద చూపించే అవకాశం ఉందని పన్ను సంస్కరణల సంఘాలు పదేపదే ఎత్తిచూపినా, దాన్ని కదపడానికి ఏ పార్టీ సిద్ధపడలేదు.

1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2025, సెక్షన్ల సంఖ్యను 819 నుంచి 536కు తగ్గించి భాషను సరళం చేసింది. జీతానికీ మూలధన లాభానికీ మధ్య ఉన్న దూరాన్ని, అమ్మని షేర్ల లెక్కను, వారసత్వంగా వచ్చిన ఆస్తి కొన్న ధర నిబంధనను పాత చట్టంలో ఉన్నట్టే ఉంచింది.